మామ తిన్నంక

కాశమ్మకు కోడలు బువ్వ పెడతలేదన్న మాట తాండూరు దాకా రావడానికి ఇద్దరి నోళ్లు సరిపోయాయి. చూసింది కాశమ్మ పక్కింటి మల్లిక. మల్లిక రాధమ్మతో అన్నది. రాధమ్మ తన చెల్లెలి మనవడి తొట్టెల పండుగకని తాండూరు వచ్చి, పనిలో పనిగా కాశమ్మ కూతురు నాగరాణి ఇంటి గడప ఎక్కింది. చాయ్ తాగింది, గ్లాసు కింద పెట్టింది, కొంగుతో మూతి తుడుచుకున్నది. అప్పుడు మొదలుపెట్టింది.

"నేనైతే చూడలే బిడ్డా. చూడనిది చూసిన అంటే కండ్లు పోతయి. మల్లిక చూసిందట. మీ అవ్వ రొట్టె చేతిల పట్టుకొని కూసుంటే నీ మరదలు అంబిక వచ్చి గుంజుకున్నదట. గుంజుకొని బయటికి పోయిందట. పాపం ముసల్ది ఉత్త చేతులు చూసుకుంట కూసున్నదట."

"చేతిలది గుంజుకున్నదా?"

"మల్లిక గట్లనే అన్నది. ఒక్కనాడు కాదట, రోజు గదే కథ అట. మీ అవ్వేమో గల్లిగల్లి తిరిగి, ఆకలైతుందే, నా కోడలు పెడతలేదే అనుకుంట పోతది. మా ఇంటికి సుత ఒచ్చింది. ఇగో గిది మాత్రం నేను కండ్లార చూసిన. చిక్కి పుల్లయింది బిడ్డా."

రాధమ్మ పోయాక నాగరాణికి ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. అవ్వకు మతిమరుపు వచ్చి రెండేళ్లు కావస్తున్నది. పొయ్యి మీద గిన్నె మరిచిపోతుంది, మనుషుల పేర్లు మరిచిపోతుంది. పెద్దతనం, ఎవరికి రాదు అనుకున్నారు. కానీ ఆకలి మరిచే మనిషైతే కాదు కదా. కాపురానికి వచ్చిన నాటి నుంచి గొర్రెల మంద ఎక్కడుంటే అక్కడికి నెత్తి మీద సద్ది మోసిన మనిషి. మొగుడు ఎంకయ్య తిన్నాక, కుక్కకు వేశాక, మూటలో మిగిలిన రొట్టె ముక్క తను తిన్న మనిషి. ఎంకయ్య పోయాకనైనా కడుపునిండా తింటున్నదనుకుంటే, ఆ చేతిలోది కోడలు గుంజుకుంటుందా?

నాగరాణి మొగుడు మొగులప్ప నాపరాయి పాలిష్ పట్టేచోట పనిచేస్తాడు. సాయంత్రం కనురెప్పల దాకా తెల్లటి దుమ్ముతో వచ్చి, సంగతి విని, మొహం కడుక్కుంటూ అన్నాడు.

"మీ తమ్ముడు నవీన్‌కు ఫోన్ చెయ్యరాదు."

"వాడు మందను తోలుకొని కర్ణాటక దిక్కు పోయిండు. వాడేం జూస్తడు? పెండ్లాం చెప్పిందే వాని చెవికి పోతది."

"మల్లిక చెప్పిందే నీ చెవికొచ్చింది గద."

నాగరాణి పళ్లెం ఠపీమని పెట్టింది.

తెల్లారి పప్పు మిల్లులో తన పనికి సెలవు చెప్పి, పరిగిలో బస్సు మారి, కుల్కచర్ల పక్కనున్న తమ ఊళ్లో దిగేసరికి ఎండ ముదిరింది. కాశమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. కూతుర్ని చూసి నవ్వి, "ఎవల బిడ్డవే?" అన్నది. ఆ మాటతో నాగరాణి కడుపులో ఉన్నదంతా అంబిక మీదికి మళ్లింది.

"ఏం పెడుతున్నవే మా అవ్వకు? చేతిలది గుంజుకుంటున్నవట. ఊరంత చెప్పుకుంటుంది. నా తమ్ముడు లేడని నీ ఇష్టారాజ్యమా?"

అంబిక గొర్రెల దొడ్డి ఊడుస్తున్నది. చీపురు పక్కన పెట్టి, గోడ మీది నుంచి తొంగిచూస్తున్న మల్లికను ఒకసారి చూసి, ఆడబిడ్డ వైపు తిరిగింది.

"వదినె, తినే ముందల అత్త ఏం చేస్తదంటే..."

"నాకు చెప్పకు. నన్ను కన్నతల్లి. ఆమె ఏం తింటదో, ఎట్ల తింటదో నాకు ఎరుకలేదా?"

అంబిక లోపలికి పోయి అత్త చీరలు రెండు సంచిలో సర్ది తెచ్చి ఇచ్చింది. ఆ నిదానం చూసి, పీడ వదిలిందనుకుంటున్నదని నాగరాణి అనుకున్నది. బస్సులో తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా చెయ్యి పట్టుకునే ఉంది.

తాండూరులో మొదటి పూటే వేడివేడి జొన్నరొట్టె చేసి, పుంటికూర పప్పు వేసి తల్లి ముందు పెట్టింది. కాశమ్మ రొట్టె తుంచింది, వాసన చూసింది. నాగరాణి ఇంకో రొట్టె కాల్చడానికి లోపలికి పోయి వచ్చేసరికి పళ్లెం ఖాళీ. ఇంకోటి వేసింది. అదీ అయిపోయింది. ఎన్నాళ్ల ఆకలో అనుకుని నాగరాణి కళ్లు తుడుచుకున్నది. అంబికను మనసులో తిట్టాల్సినవన్నీ తిట్టింది.

మర్నాడు పక్కింటి పద్మారాణి పళ్లెంలో అన్నం, చారు పట్టుకుని వచ్చి, వీధి వినేటట్టే పిలిచింది. "ఓ నాగరాణీ, పెద్దమనిషికి జర కడుపుకు పెట్టరాదా? పొద్దుగాల మా గేటు కాడికొచ్చి, నా బిడ్డ బువ్వ పెడతలేదమ్మా అని అడిగింది. నాకు మస్తు పరేషాన్ అయింది."

నాగరాణి పరుగున బయటికి వచ్చింది. "నేను పెడతలేనా? రాత్రి రెండు రొట్టెలు తిన్నది!"

మొగులప్ప పనికి పోతూ చెప్పులు తొడుక్కుంటున్నాడు. "అంబిక మీద పడ్డ మాటలు మన ఇంటికి బస్సెక్కి ఒచ్చినయి," అని తల పైకెత్తకుండానే అన్నాడు.

ఆ మధ్యాహ్నం తల్లికి స్నానం చేయించబోయి చీర విప్పుతుంటే కొంగు బరువుగా తగిలింది. ముడి విప్పితే రొట్టెలు. రాత్రివి, పొద్దుటివి, పద్మారాణి ఇచ్చిన అన్నం ముద్ద కూడా, అన్నీ కలిసి గట్టిపడి ఉన్నాయి. ఒక్క ముక్కకైనా పంటిగాటు లేదు.

"ఎవరికి దాస్తున్నవే అవ్వా?"

"మీ నాయినకు." కాశమ్మ ఆ ముడి మీద చెయ్యి వేసి పట్టుకున్నది. "మంద కాడ ఉన్నడు. పొద్దెక్కింది, సద్ది పోలే. ఇంత ఎండల ఆకలితోని ఉంటడు."

"నాయిన లేడు గదనే. ఎప్పుడో పోయిండు."

కాశమ్మ కూతురి మొహంలోకి చూసింది. "పోయిండా?" అన్నది. చేతులు ముందుకు చాపి ఉత్త మణికట్లు చూసుకున్నది. గాజులు లేవు. అబద్ధం కాదని ఆ చేతులు చెప్పినట్టున్నాయి. "నాకెవలు చెప్పలేదేందే? కట్టె కాలంగ సుత నన్ను పిలువలేదేందే?" అని ఏడుపు అందుకున్నది. ఎంకయ్య పోయిననాడు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఏమీ తినలేదు.

నిజం చెప్పాను, ఏడ్చింది, ఇక గుర్తుంటుంది అనుకున్నది నాగరాణి. తెల్లారేసరికి ఏడుపు పోయింది, ఎంకయ్య మళ్లీ మంద దగ్గర ఉన్నాడు, కొంగులో మళ్లీ రొట్టె ఉంది. నాగరాణి మళ్లీ నిజం చెప్పింది. ఆ ముసలి ప్రాణం మళ్లీ కొత్తగా ముండమోసింది. చేతులు చూసుకోవడం, గుండెలు బాదుకోవడం, పస్తు పడుకోవడం. మూడోనాడు నాగరాణి చెప్పడం మానేసింది. చెప్పకపోతే రొట్టె కొంగులోకి పోతుంది, చెబితే రొట్టె పళ్లెంలోనే ఉంటుంది. నోట్లోకి మాత్రం ఎటూ పోదు. ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలుగుతుండగా తల్లి తన కళ్ల ముందే ఎండిపోతున్నది.

పద్మారాణే చెప్పింది. "మా అత్తకు గిట్లనే అయితే వికారాబాద్ సర్కారు దవాఖానల చూపించినం. తగ్గలే గని, మాకు తెలివొచ్చింది."

పొద్దుటి రైలుకు తల్లిని వికారాబాద్ తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్న వయసుదే. కాశమ్మ పక్కకు కుర్చీ జరుపుకుని, ఇది ఏ సంవత్సరం, ఇది ఏ జిల్లా అని అడిగింది. కాశమ్మ కూతురి వైపు చూసింది. కాగితం మీద గడియారం బొమ్మ గీయమంటే పెన్ను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చింది.

"మతి మంచిగున్నప్పుడు సుత గవి ఆమెకు తెల్వవు మేడం," అన్నది నాగరాణి. "బడి మొఖం చూడలే."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది. "నిజమే. ఈ ప్రశ్నలు చదువుకున్నవాళ్ల కోసం రాసినవి. మీ అమ్మలాంటి వాళ్లను ఏం అడగాలో ఇప్పుడిప్పుడే వెతుకుతున్నాం. అయినా మీరు చెప్పిన రొట్టెల సంగతి చాలు. ఇది వయసుతో వచ్చే మరుపు కాదమ్మా. మెదడుకు వచ్చిన జబ్బు. పోగొట్టే మందు లేదు. రక్తపరీక్షలు చేయిద్దాం, నిద్రకో ఆందోళనకో ఏదైనా ఇద్దాం. కానీ అసలు మందు చూసుకునే మనిషే."

"తింటలేదు మేడం. నిజం చెప్తే ఏడుస్తది, చెప్పకుంటే దాస్తది."

"నిజం ఎందుకు చెప్తున్నారు? మీకు ఆయన పోయింది పాత సంగతి. ఆమెకు ప్రతిసారీ అప్పుడే పోయినట్టు." డాక్టరమ్మ కాశమ్మ చెయ్యి నిమిరింది. "మీ దగ్గరికి వచ్చి వారం కూడా కాలేదన్నారు. అంతకుముందు ఎవరి దగ్గర ఉంది?"

"కోడలి కాడ."

"ఇన్నాళ్లు ప్రాణంతో ఉందంటే ఆమె దగ్గర ఎంతో కొంత తిన్నట్టే కదా. ఎట్లా తినిపించిందో అడిగారా?"

నాగరాణి గోడ మీది పటం వైపు చూసింది.

పరీక్షలకు రక్తం ఇచ్చి బయటికి వచ్చి, దవాఖాన మెట్ల మీద కూర్చుని అంబికకు ఫోన్ చేసింది. అటు వెనక నుంచి ఆడకూలీల మాటలు వినపడుతున్నాయి. అంబిక చేనులో ఉంది.

"అవ్వ తింటలేదే," అన్నది నాగరాణి.

అంబిక ఆ మాటలకు దూరంగా జరిగింది. "తీసుకరా వదినె. ఫోన్ల చెప్పేది కాదు గది. చూడాలె."

తాండూరు రైలు వదిలేసి పరిగి బస్సెక్కారు. ఊళ్లో దిగేసరికి గొడ్లు ఇంటికి మళ్లుతున్నాయి. తీసుకుపోయిన తల్లిని వారం తిరగకముందే నాగరాణి వాపసు తెచ్చిందంటే ఎవరికి ఆగుతుంది? మల్లిక వచ్చింది, రాధమ్మ వచ్చింది, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. అంబిక ఈ నాలుగు రోజులూ కంది కోతకు పోయినట్టుంది, చేతులు గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతోనే పిండి కలిపి, రొట్టె కొట్టి, కాల్చి, పచ్చిమిర్చి కారం పెట్టి అత్త చేతికి ఇచ్చింది.

కాశమ్మ రొట్టెను కొంగులోకి తీసుకున్నది. ముడి వేయబోయింది. అంబిక వంగి చటుక్కున ఆ రొట్టె లాక్కుని బయటికి నడిచింది.

"చూసినవా?" మల్లిక నాగరాణి మోచేతిని పొడిచింది. "నేను అబద్ధం చెప్పిన్నా?"

నాగరాణి లేచి అంబిక వెంట పోయింది. అంబిక దొడ్డి గోడ వెనక్కి పోయి, రొట్టెను తన కొంగు కింద పెట్టుకుని, ఊరికే నిలబడి ఉంది. ఒక మనిషి తినడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు నిలబడింది. నాగరాణి ఏదో అడగబోతే వేలు పెదవుల మీద పెట్టుకున్నది. తర్వాత లోపలికి వచ్చి అత్త ముందు గొంతుక్కూర్చున్నది.

"మామకు ఇచ్చొచ్చిన అత్తా. తిన్నడు."

కాశమ్మ అనుమానంగా చూసింది. "ఏమన్నడు?"

"ఏమంటడు? కారంల ఉప్పు ఎక్కువైందన్నడు. రొట్టె మాడ్చినవన్నడు. నీ అత్త చేతి లెక్క ఎవలకొస్తది అన్నడు."

కాశమ్మ ముఖమంతా విచ్చుకున్నది. "గాయినె ఎప్పుడు గంతే! ఇన్నేండ్ల కాపురంల ఒక్కపూట మంచిగుందన్నడా?" అని కిసుక్కున నవ్వింది. అంబిక కొంగు కింది రొట్టె తీసి పళ్లెంలో పెట్టింది. "ఇగ నువ్వు తిను. మిగిలింది." ఆ మిగిలింది అన్న మాట వినగానే కాశమ్మ రొట్టె తుంచి, కారంలో అద్దుకుని, నోట్లో పెట్టుకున్నది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది.

మల్లిక కొంగు నోట్లో కుక్కుకున్నది.

"మొదట్ల, మంచిగుందన్నడు అత్తా, అని చెప్పిన," అన్నది అంబిక నాగరాణితో, చిన్న గొంతుతో. "నమ్మలే. గాయిన మెచ్చుకుంటడా అని రెండు పూటలు తినలే. అప్పటి సంది తిట్టిస్తున్న. చెరువు కూలి పనికి నేను పోయిననాడు తినేది లేదు. గల్లిల తిరిగేది గప్పుడే."

నాగరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఆనాడే చెప్పబోయినవు. నేనే నోరు మూయించిన. నన్ను ఏమన్న అనవే, పడత."

అంబిక అత్త పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

అప్పటిదాకా నోట్లో కొంగు కుక్కుకున్న మల్లిక ముందుకు వచ్చింది. "అయ్యో తల్లీ, నేను చూసింది చూసిన గని, గోడ వెనక ఏముందో నాకేం తెలుసు. గింత ఓపిక ఎవలకుంటది? నువ్వు మనిషివి కాదు అంబికా, దేవతవు."

"కన్నబిడ్డ సుత చెయ్యదు గిట్ల," అన్నది రాధమ్మ. నాగరాణి అక్కడే ఉందని ఆలస్యంగా గుర్తొచ్చి నాలుక కరుచుకున్నది. మిగతావాళ్లు అవునవునన్నారు. మాటమాటకూ అంబిక ఎత్తు పెరుగుతున్నది. తిట్టిన నోళ్లే కాబట్టి పొగడ్త ఇంకా ఎక్కువగా వచ్చింది.

అంబిక గీరుకుపోయిన చేతులు చీరకు తుడుచుకుని లేచి, వాళ్లందరి మొహాలూ వరసగా చూసి ఒక మాట అన్నది. తెల్లారి పప్పు మిల్లుకు పోవాల్సిన నాగరాణిని కూడా కలిపే అన్నది.

"దేవత గీవత అనకుండ్రి మల్లికక్కా. దేవత అంటే దండం పెట్టి ఎవలింటికి వాళ్లు పోతరు. కంది కోతలు ఇంక అయిపోలే, రేపు నేను చేనుకు పోవాలె. పగటాల్ల, బువ్వ యాల్లకు, మా అత్త చేతిల రొట్టె గుంజుకునేటందుకు మీలో ఎవలొస్తరో, గది చెప్పుండ్రి."