కొట్టేసిన ఒకటి

కరెంటు సామాన్ల కొట్లో పనిచేసే ఆ పెద్దమనిషికి ఇంట్లో లెక్కల పులి అని పేరు. పెట్టింది తల్లి. పదో తరగతిలో ఎప్పుడో వచ్చిన మార్కుల గురించి ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఊదరగొడుతూనే ఉంటుంది. అందుకే భార్య నర్సు శిక్షణకు ప్రవేశ పరీక్ష రాస్తానన్నప్పుడు, లెక్కలు నేను చెబుతాలే అని అతను కాలరెగరేశాడు. ఈసారి తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది. మళ్ళీ రాసే వీల్లేదు.

వంటింట్లో కూరలు తరుగుతూనే ఆమె నేర్చుకునేది. ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీసే దగ్గర ఒకరోజు పేచీ వచ్చింది. 6x + 3లో మూడు ఉమ్మడి. అతను దాన్ని బయట పెట్టి, బ్రాకెట్లో 2x ఒక్కటే ఉంచాడు. ఆమె దాని పక్కన + 1 రాసింది.

"మూడు బయటికి పోయాక అక్కడింకేం మిగుల్తుంది? ఇల్లు ఖాళీ చేసినవాడు పొయ్యి వదిలేసి పోతాడా?" అన్నాడు అతను.

"ఏదో ఒకటి ఉండాలనిపిస్తోందండీ."

"నీకనిపిస్తే లెక్క అయిపోదు."

పక్కనే కూర్చున్న తల్లి పకపకా నవ్వింది. కోడలు ఆ ఒకటిని కొట్టేసింది.

రెండు మార్కుల్లో సీటు పోయింది. దిద్దిన జవాబు పత్రం ఆమె తెచ్చి బల్ల మీద పెడితే అతను తిరగేశాడు. ఉమ్మడి లెక్కలన్నిట్లోనూ ఆమె మొదట + 1 రాసింది, తర్వాత ఆ ఒకటిని కొట్టేసింది. అతను x బదులు ఒకటి వేసి చూశాడు. అసలు లెక్కకు తొమ్మిది వచ్చింది, తను నేర్పినదానికి ఆరే వచ్చింది. మూడును మూడుతో భాగిస్తే ఒకటి రాదా? చిన్నపిల్లలకు కూడా తెలిసిన ముక్క. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

భోజనాల దగ్గర తల్లి మొదలెట్టింది. వాడంత నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా తలకెక్కకపోతే ఎలా అని దెప్పింది. నాకే ఎక్కలేదత్తయ్యా అని కోడలు తలొంచుకుంది. ఒక్క క్షణం అతనికి ఆ మాట హాయిగా అనిపించింది. ఆ హాయికి మరింత సిగ్గుపడ్డాడు.

"అమ్మా, తను సరిగ్గానే రాసింది. నేనే తప్పు చెప్పి కొట్టేయించాను. సీటు పోయింది నావల్లే."

తల్లి కళ్ళు చెమర్చాయి. కోడలి వైపు తిరిగింది.

"చూశావా? నిన్నెవరూ ఒక మాట అనకూడదని తప్పంతా తన నెత్తినేసుకుంటున్నాడు. ఇలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడమ్మా?"

అతను కాగితం తెచ్చాడు, వేలు పెట్టి చూపించాడు, తొమ్మిదీ ఆరూ అంటూ గింజుకున్నాడు. ఆ లెక్కలు నాకెందుకురా, నీ మనసు నాకు తెలీదా అంటూ ఆవిడ అతని కంచంలో ఇంకో గరిటెడు కూర వేసింది.

"నిజమే అత్తయ్యా, ఎవరికీ దొరకరు" అంది భార్య. అతని వైపు మాత్రం చూడలేదు.