కాటా చూపించే రెండో అంకె

గోధుమ కోతల రోజుల్లో ఆర్డిస్ బియెర్కె పొద్దున్నే ధాన్యం గోదాము కాటా గది తలుపు తీసి, కిటికీ అద్దం మీది దుమ్ము తుడిచి, కంప్యూటరు ఆన్ చేసేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చేసరికే లారీల వరస హైవే దాకా ఉండేది. నిండు లారీ ఒకసారి కాటా ఎక్కుతుంది. గోదాము గోతిలో గోధుమలు పోసి వెళ్లేటప్పుడు ఖాళీ లారీ మళ్లీ ఎక్కుతుంది. అప్పుడు తెర మీద లారీ బరువు పడి, కాసేపటికి దాని కింద ఇంకో అంకె పడేది. అది డ్రైవరు మనసులో ఉన్న దుఃఖం బరువు.

అమెరికాలో, నార్త్ డకోటాలోని ఆ ఊళ్లో కాటా పెట్టిన నాటి నుంచీ అది అంతే. ప్రోగ్రాము రాసిన మెర్ల్ అనే ఆయన, గోధుమ లెక్కలో దుఃఖం కలిసిపోకూడదని దానికో వరుస వేరే ఇచ్చాడు. ఇనుము బరువు టక్కున తేలుతుంది. దుఃఖం తేలడానికి కాస్త టైము పడుతుంది.

రెండో అంకె చిన్నదైతే ఆర్డిస్ గ్రీన్ లైటు వేసేది.

"నీ దుఃఖమంతా కలిపినా ఒక కోడి బరువు లేదు, వెర్లిన్. కదులు, కదులు!"

"మా ఆవిడని అడుగు, ఆ కోడి ఎవరో చెబుతుంది," అనేవాడు వెర్లిన్ లారీలోంచి.

పెద్దదైతే ఎర్ర లైటు అలాగే ఉంచేసేది. లారీలో ఉన్న మనిషికి అర్థమయ్యేది. ఇంజను ఆపి, దిగి, లోపలికొచ్చి బల్ల మీద కూర్చునేవాడు. మాట్లాడితే మాట్లాడేవాడు, లేకపోతే లేదు. వెనక లారీల్లో ఒక్కడు కూడా హారను కొట్టేవాడు కాదు.

ఒక ఏడు వసంతంలో పాత కంప్యూటరు చచ్చిపోయింది. గోదాముని ఏలే పెద్దాఫీసు నగరంలో ఉంది. అక్కణ్ణుంచి టక్కర్ అనే మేనేజరు ఫోన్ చేశాడు.

"మా కొత్త ప్రోగ్రాము పెట్టేస్తాం, మేడమ్."

"అందులో రెండో అంకె వస్తుందా?"

"మా రిపోర్టులో దానికి చోటు లేదు. మాకు బరువు చాలు."

"రెండోది కూడా బరువే, నాయనా."

చివరికి ఒక షరతు పెట్టాడు. ప్రతి లారీ తూకం ఆ క్షణమే నెట్‌వర్కు మీద తమకి చేరితే పాత ప్రోగ్రామునే ఉంచుకోవచ్చు. కుదరదని తెలిసే పెట్టాడు. ఆర్డిస్‌ సంగతి అతనికి తెలీదు. ఎనభైల్లో బ్యాంకులు పొలాలు వేలం వేస్తుంటే, కోర్టు మెట్ల మీద మంచులో చేతులు గొలుసుగా పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఆమె ఒకతె. పోలీసులు ఈడ్చినా వదల్లేదు. అలాంటి మనిషికి కంప్యూటరొక లెక్కా?

మూతపడ్డ స్కూలు నుంచి కొత్త రకం కంప్యూటరొకటి తెచ్చుకుంది. మెర్ల్ ప్రోగ్రాము డాస్ అనే పాతకాలపు వ్యవస్థ మీద నడిచేది. అలాంటి వాటిని ఉన్నవి ఉన్నట్టు నడిపేది ఫ్రీడాస్. ఉచితం కూడా. దాన్నీ, మెర్ల్ ప్రోగ్రామునీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. కొత్త యంత్రం దాని మొహం చూడనంది. సెట్టింగుల్లో పాత పద్ధతిని వెతికి పట్టి ఒప్పించింది. కాటా వైరు దూర్చడానికి చోటే లేదు. దానికో కార్డు బిగించింది. ఇక నెట్‌వర్కు కార్డు మొండికేసింది. డాస్‌తో దాన్ని మాట్లాడించే డ్రైవరు ప్రోగ్రాము ఎక్కడా దొరకలేదు. ఇలాంటి పాత సంగతుల పిచ్చివాళ్లు నెట్‌లో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే గుంపులో అడిగితే, ముక్కూ మొహం తెలియని ఒకాయన ఎక్కడి నుంచో పంపాడు. అది ఎక్కించి పిలిస్తే నగరంలోని కంప్యూటరు బదులు పలికింది. "పలికావా, దొంగా!" అని ఆర్డిస్ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

అయితే ఫ్రీడాస్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. కాటాని చూస్తుంటే కబురు పంపదు, పంపుతుంటే కాటాని చూడదు. లారీ బరువు ఆ క్షణమే పోవాలన్నారు కదా అని, ఆర్డిస్ ఆ పంపే పనిని రెండు అంకెల మధ్యలో పెట్టింది. రెప్పపాటే కదా అనుకుంది. కోతలు రాకముందు రెప్పపాటే.

కోతలొచ్చాయి. అన్ని ఊళ్ల గోదాములూ ఒక్కసారే పంపుతుంటే పెద్దాఫీసు లైను మూసుకుపోయేది. తెర బిగుసుకుపోయేది. అది కదిలి రెండో అంకె వచ్చేదాకా ఆర్డిస్ ఎర్ర లైటు తియ్యకుండా కాచుకునేది. లారీలు ఆగేవి. ఫోను మోగేది.

ఒక మధ్యాహ్నం పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఫోను ఆమె చెవికీ భుజానికీ మధ్య ఉంది, అవతల టక్కర్.

"బరువు మాకు వచ్చేసింది, మేడమ్. ఇంకా ఎందుకు ఆపుతున్నారు? గ్రీన్ వెయ్యండి."

బయట వరస కదలడం లేదు. ఎవరి గోధుమ తడిసినా పాపం తనదే. ఆర్డిస్ గ్రీన్ నొక్కింది.

కాటా మీద ఉన్నది ఓడెల్ కుంట్జ్. భార్య ఐలీన్ పోయి ఇంకా ఏడాది కాలేదు. అతను లైటు వంక చూశాడు. తర్వాత ఆమె కిటికీ వంక చూశాడు. వస్తానన్నట్టు స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తి, వెళ్లిపోయాడు.

అప్పుడు తెర కదిలింది. వెళ్లింది ఖాళీ లారీ. రెండో వరుసలో మాత్రం నిండు లారీ అంత బరువుంది.

"మేడమ్? తర్వాతి లారీ?" అంటోంది ఫోను. ఆర్డిస్ దాన్ని బల్ల మీద పడేసి, ఎర్ర లైటు నొక్కి, బయటికి పరుగెత్తింది. వరసలో మొదటి లారీ వెర్లిన్‌ది.

"వాన నెత్తి మీదుంది, ఇప్పుడేమిటే తల్లీ!"

"ఓడెల్. నేను గ్రీన్ వేసేశాను."

వెర్లిన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఎక్కు," అన్నాడు. గోధుమల లోడుతోనే లారీని వరసలోంచి తప్పించాడు. వెనక ఒక్కొక్క ఇంజనే ఆగిపోయింది.

ఓడెల్ ఇంటి పెరట్లో అతని లారీ తలుపు తెరిచి ఉంది. యంత్రాలు పెట్టుకునే షెడ్డు తలుపు లోపల్నుంచి వేసి ఉంది. వెర్లిన్ భుజంతో గుద్ది తెరిచాడు. బోర్లించిన బకెట్ మీద ఓడెల్ కూర్చుని ఉన్నాడు. గోడకి వేలాడాల్సిన తుపాకి ఒళ్లో ఉంది. వెర్లిన్ దాన్ని తీసుకుని బయటికి నడిచాడు.

"గ్రీన్ వేశావుగా," అన్నాడు ఓడెల్.

ఆర్డిస్ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"ఇవాళ ఆర్డిస్ నన్ను ఆపుతుంది అనుకుని కాటా ఎక్కాను. గ్రీన్ పడింది. ఓహో, నాది పెద్ద బరువేం కాదు కాబోలు, నా దారిన నేను పోవచ్చు కాబోలు అనుకున్నాను."

ఆమె నేల మీద, నూనె మరకల్లో, అతని ఎదుట కూలబడింది. "నేను చూడలేదు, ఓడెల్. అంకె రాకముందే నొక్కేశాను. తప్పు నాది. ఇంత బరువు నా కళ్లతో ఎన్నడూ చూడలేదు."

"ఎంతుంది?"

చెప్పింది.

"అంత ఉందా," అన్నాడు. చెప్పుకోలేని మాటని ఎవరో తన తరఫున చెప్పినట్టు తలూపాడు. అప్పుడు ఏడ్చాడు. తగరపు కప్పు మీద వాన మొదలై, ఆ ఏడుపు వెర్లిన్‌కి వినిపించకుండా చేసింది.

ఆ సాయంత్రం చాలామంది గోధుమ తడిసింది. ఆర్డిస్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దాఫీసు అంది. చలికాలం రాకముందే ఆమెని ఇంటికి పంపి, ఆ కంప్యూటరు పీకేసి, తమ ప్రోగ్రాము పెట్టుకుంది. ఇప్పుడక్కడ లైటు దానంతటదే మారుతుంది. కాటా మాత్రం తూస్తూనే ఉంటుంది. ఆ రెండో అంకె అడిగేవాడే లేడు.

కానీ ఆ రోజు, ఆ వానలో ముగ్గురూ షెడ్డులోంచి వంటింట్లోకి వెళ్లారు. ఆర్డిస్ స్టవ్ మీద నీళ్లు పెట్టింది.

"కాఫీ పొడి ఎక్కడ?"

"నాకు తెలీదు. ఐలీన్‌కే తెలుసు."

"ఇన్నాళ్లూ మరి?"

"తాగలేదు."

వెర్లిన్ పై అలమర తెరిచాడు, ఆర్డిస్ కింది అరలు. ఓడెల్ కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, భార్య పోయాక మొదటిసారి, ఆమె సొరుగుల్లో ఒకటి లాగి వెతకడం మొదలుపెట్టాడు.