సంఘానికి కావలసిన మనిషి

“రేపు సభకి ఆ నీలం చొక్కా ఉతికి ఉంచు, బసీలియా,” అన్నాడు నా మొగుడు ఎలాడియో, నేను బంగాళాదుంపలు ఒలుస్తుంటే.

దేశాన్ని ఏలిన సైనిక జనరల్ గద్దె దిగాడు. మా తగరం గని కాలనీ నుంచి సైన్యం వెళ్ళిపోయింది. మూతపడ్డ కార్మిక సంఘాన్ని మళ్ళీ తెరుస్తున్నారు. సరిహద్దు దాటి పెరూలో తలదాచుకున్న ఎలాడియో తిరిగొచ్చాడు. పొద్దున్నించీ వచ్చినవాళ్ళందరూ అతని భుజం తట్టి “కాబోయే కార్యదర్శి” అంటున్నారు. వాళ్ళందరికీ సూపు కాచి పోసింది నేను.

ఒకప్పుడు నేనూ కార్యదర్శినే. గని బయట పారబోసిన రాళ్ళగుట్టల మీద కూచుని, సుత్తితో కొట్టి తగరం ఏరే ఆడవాళ్ళ సంఘం మాది. సంఘాలు నిషేధించినా మేం సమ్మె ఆపలేదు. “మొగుడున్నాడుగా సంఘంలో, నీకెందుకే ఊరేగింపులు? పిల్లకి జడెవరు వేస్తారు?” అనేది అత్తయ్య. పిల్లకి జడవేసి, అతనికి గనిలోకి తిండి కట్టిచ్చాకే నేను గుమ్మం దాటేదాన్ని.

ఒకరోజు ఎలాడియోని సైనికులు పట్టుకెళ్ళారు. మర్నాడు లారీలోంచి దూకి తప్పించుకున్నాడని కబురు. కాలనీ అంతా మురిసిపోయింది. ఆ సాయంత్రమే సైనికులు తిన్నగా నేను దాక్కున్న చోటికి, మా సంఘంలోని తోమాసక్క రొట్టెల పొయ్యి వెనక్కి, వచ్చి నన్ను లాక్కెళ్ళారు. మిగతా ఆడవాళ్ళ పేర్లు చెప్పమని కొడితే ఎడమ చెవి పోయింది. ఒక్క పేరూ చెప్పలేదు. జైలు నుంచి వచ్చేసరికి నా కూతురు నానమ్మనే అమ్మా అంటోంది.

“రేపు నేనూ నిలబడతాను,” అన్నాను దుంపల మీంచి తలెత్తకుండా.

ఎలాడియో నవ్వాడు. “నువ్వా? పడ్డది చాల్లేదా? అసలు నువ్వు బతికి బయటపడ్డావంటే నా పుణ్యమే. ఆ పొయ్యి వెనకున్నావని నేను ముందే చెప్పాను కాబట్టి జైలుతో పోయింది. వాళ్ళే వెతికి పట్టుకుంటే కాల్చేసేవాళ్ళు.”

కుడిచెవి కూడా పోయిందేమో అనుకున్నాను.

“నువ్వు చెప్పావా?”

“ఆడదానివి కదా, నాలుగు తగిలించి వదిలేస్తారనుకున్నా. నన్నయితే చంపేసేవాళ్ళు. సంఘానికి నేను కావాలి కదే!”

“మెల్లిగా మాట్లాడండర్రా, గోడ పల్చన,” అంది అత్తయ్య. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. ఆవిడకీ తెలుసు. తెలిసే ఇన్నేళ్ళూ నేను రాళ్ళు కొట్టి తెచ్చింది తింటూ, కొడుకు వీరత్వం వీధంతా చెప్పుకుంది. నేనేమో లారీలోంచి దూకినప్పుడు అతనికెంత దెబ్బ తగిలిందోనని జైల్లో ఏడ్చాను. లారీ లేదు, దూకడం లేదు. నన్నిచ్చి తను నడిచి వెళ్ళాడు.

దుంపలు ఒలవడం పూర్తిచేశాను. తెల్లారాక మా ఇద్దరి బట్టలు మూటగట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళి తోమాసక్క ఇంట్లో దింపాను. అట్నుంచి అటే సభకి వెళ్ళాను.

కార్యదర్శి పదవికి ఎలాడియో పేరు చెప్పగానే చప్పట్లు మోగాయి. నేను లేచి నా పేరు చెప్పాను. వేదిక మీది పెద్దాయన ఇబ్బందిగా నవ్వాడు.

“ఒకే ఇంట్లోంచి ఇద్దరెందుకమ్మా, బసీలియా?”

“ఒకే ఇల్లు కాదు కామ్రేడ్,” అన్నాను. “ఎందుకు కాదో అతన్నే చెప్పమనండి.”