ఆరింటి బ్యాకప్

అత్తయ్య జడ సగం దాకా అల్లాను. ఆవిడ తల తిప్పదు, చూపంతా కంప్యూటర్ మీదే. టైము ఐదూ యాభై. ఆవిడ ఇంటినుంచే చూసుకునే ఆసుపత్రి సర్వర్‌కి ఆరింటికి బ్యాకప్ మొదలవుతుంది. అంటే రోగుల రిపోర్టులన్నీ ఇంకో మెషిన్‌లోకి కాపీ అవుతాయి. సరిగ్గా ఆరింటికే డాక్టర్ల అపాయింట్‌మెంట్లు తీసుకునే వెబ్ పేజీ కూడా తెరుచుకుంటుంది.

మామయ్య ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదేళ్ళుగా ఆయన పొద్దుటి ఉద్యోగం అదే. పేజీ రావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే "పావుగంటాగి చూడండమ్మా" అనాలి.

"నిద్రలో కూడా ఇదే అంటున్నానటమ్మాయ్," అన్నారు నాతో.

"అనడమేనా? దాహమేసి నీళ్ళడిగితే నన్నూ పావుగంట ఆగమన్నారు," అంది అత్తయ్య.

నవ్వింది గానీ చేతివేళ్ళు నలుపుకుంటూనే ఉంది. ఆసుపత్రి వాళ్ళు నిన్న తెగేసి చెప్పారు. ఇవాళ కూడా పేజీ ఆగిపోతే ఇక రోజూ వద్దు, వారానికొక బ్యాకప్ చాలని. "వారం మధ్యలో డిస్కు పోతే ఆ రిపోర్టులు ఎవరు తెచ్చిస్తారు? అలాగైతే ఇంకెవరినైనా చూసుకోండి," అనేసింది ఈవిడ. తొమ్మిదేళ్ళ పని ఇవాళ్టితో ఉంటుందో ఊడుతుందో.

టైము మారుద్దామంటే వినదు. మొదట్లో ఒకసారి రాత్రికి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కాపీ ఖాళీగా ఉందట. అప్పట్నుంచీ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. బ్యాకప్ పూర్తికాకుండా ఆవిడ గుమ్మం దాటడం నేను చూడలేదు.

పెళ్ళై వచ్చినప్పుడు నాకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. పని నేర్పింది ఆవిడే. పక్కన కూర్చుని రోజూ చూడగా చూడగా ఒకటి తోచింది. పాత రిపోర్టులు మారవు. కొత్తగా వచ్చేవి గుప్పెడు. మేం మాత్రం ఆ గుప్పెడు కోసం రోజూ కొండనంతా మూటగట్టి, కుదించి, ఆ మూటని మళ్ళీ అదే డిస్కు మీద రాసి, అప్పుడు పంపుతున్నాం. ఎక్స్‌రే ఫోటోలు ముందే కుదించినవి, ఎంత నొక్కినా తగ్గవు. ఒక్క డిస్కు మూటే కడుతుందా, వచ్చినవాళ్ళకి పేజీలే అందిస్తుందా?

నిన్న పొద్దున ఆ మాటే అత్తయ్యతో చెప్పాను. పాతది ఆవిడ సొంతంగా రాసుకున్న పద్ధతి. తను రాసింది మొదట్నుంచి చివరిదాకా మళ్ళీ చదువుకుంది. తర్వాత కుర్చీ ఖాళీ చేసి "రాయి" అంది. మారిన ఫైళ్ళే తీయాలి, తిన్నగా రెండో మెషిన్‌కే పంపాలి, ఎవరైనా పేజీ అడిగితే వాళ్ళకి దారిచ్చి తను ఆగాలి. అలా రాశాను. పాతవన్నీ సాయంత్రంలోగా నెమ్మదిగా అటు చేర్చేశాను.

జడకి రబ్బరు వేశాను. ఆరైంది.

డిస్కు భారం చూపించే అంకె రోజూ ఈపాటికి నూటికి తొంభై ఎనిమిదిలో ఉంటుంది. ఇవాళ పద్నాలుగు. పదహారు. పదకొండు.

ఆరూ ఐదు. ఫోన్ మోగలేదు. మామయ్య దాన్ని చెవి దగ్గర ఊపి చూశారు. "చచ్చిందేమిటే ఇది?"

"దానికేం, నిక్షేపంలా ఉంది. ఉద్యోగం పోయింది మీకే."

"తొమ్మిదేళ్ళ సర్వీసే! కనీసం ఒక నోటీసైనా ఇవ్వరా?"

అప్పుడు మోగింది. "పావుగంటాగి..." అనబోయి ఆయన ఆగిపోయారు. ఫోను అత్తయ్య చేతికిచ్చారు. ఆసుపత్రి కౌంటర్ అమ్మాయి. ఇవాళ ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదట, రోజూ బ్యాకప్ అలాగే ఉంచమన్నారట. ఏం చేశారని అడిగినట్టుంది.

"నేను కాదు, మా కోడలు," అంది అత్తయ్య. అవతల ఏదో అన్నారు. "నేను నేర్పానా? నాకు తెలిస్తేగా నేర్పడానికి! తనే కనిపెట్టింది."

నేను తల వంచుకుని దువ్వెనలో వెంట్రుకలు తీస్తున్నాను. చెవులు వేడెక్కాయి.

ఫోన్ పెట్టేసి, రెండో మెషిన్‌లోంచి మూడు రిపోర్టులు తెరిచింది. ఒకటి తొమ్మిదేళ్ళనాటిది, ఒకటి నిరుటిది, ఒకటి నిన్న సాయంత్రానిది. తిరిగి తెరుచుకుంటేనే అది కాపీ అంటుంది ఆవిడ. మూడూ తెరుచుకున్నాయి.

ఆరూ ఇరవై. పేజీ అడిగినవాళ్ళకి దారిస్తూ బ్యాకప్ ఇంకా సగంలోనే ఉంది. అత్తయ్య లేచి తన కుర్చీని నా వైపు జరిపింది.

"ఇంకా అవలేదుగా, ఎక్కడికే?" అన్నారు మామయ్య.

ఆవిడ చెప్పులు తొడుక్కుంది. తెర వైపు చూడలేదు. తలుపు తీసుకుని, ఎండ పడుతున్న వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది.