గొట్టంలో పసుపు

కూతురు అమల చెవిలోంచి చీము కారుతోందని ఇంటి నుంచి ఫోను వచ్చిన మధ్యాహ్నం కోమలి చిత్తూరు కోర్టులో టైపు కొడుతున్న కాగితాన్ని సగంలో వదిలేసి లేచింది. బస్సు బంగారుపాళ్యం చేరేదాకా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీద మండుతోందో మాత్రం ఇంకా తేలలేదు. రోజూ ఫోన్లో అడిగిందే, నీళ్ళు బాగున్నాయా అని. రోజూ బాగున్నాయనే చెప్పారే!

ఆ నీళ్ళు సరదాకు పెట్టినవి కావు. పోయిన ఏడు లారీ గుద్ది అమల తొడ ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కాలు మాత్రం మాట వినలేదు. ఊతకర్ర లేకుండా అడుగు పడదు. నీళ్ళలో అయితే ఒంటి బరువు తెలియదు, రోజూ నడిపించండి, మధ్యలో మానితే కాలు బిగుసుకుపోతుంది అని తిరుపతి డాక్టరు గట్టిగా చెప్పాడు. కోమలి మొగుడు మునిచంద్ర మామిడి మండీ నడుపుతాడు. ఆ మాట వినగానే ఇంటి వెనక పశువుల కొట్టం తీయించి, నీలం పలకలు పరిపించి, స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. అంతటితో తన పని అయిపోయిందనుకున్నాడు. ఆ తర్వాత మండీకి వచ్చిన ప్రతివాణ్ణీ వెంటబెట్టుకొచ్చి గట్టు మీద నిలబెట్టి చూపించడమే తప్ప, ఆ నీళ్ళలో ఏం వేస్తారో, ఎందుకు వేస్తారో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

వేసేది కోమలి. నీళ్ళలో క్లోరిన్ ఉండాల్సినంత ఉండాలి. పెరిగితే కళ్ళు మండుతాయి, తగ్గితే క్రిములు పుడతాయి. ఎండకు అది విరిగిపోతుంది కాబట్టి క్లోరిన్ పొడిని పొద్దు వాలాక కలపాలి. పిల్ల దిగే ముందు గాజు గొట్టంలో కొలను నీళ్ళు పట్టి, చిన్న సీసాలోని మందు రెండు చుక్కలు వేసి చూడాలి. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగకపోతే ఆ రోజు పిల్లను దించకూడదు. సెలవు ఉన్నన్నాళ్ళూ ఇదంతా కోమలే చూసుకుంది. సెలవు అయిపోయాక అత్త అలివేలమ్మకు నేర్పి, చిత్తూరులో గది తీసుకుని ఉద్యోగానికి పోయింది. మనవరాలి కోసం ఆ ముసలామె చెప్పిందల్లా శ్రద్ధగా వింది.

ఇల్లు చేరి, చెప్పులు కూడా విడవకుండా కోమలి వెనక్కి నడిచింది. నీళ్ళు కలక బారి ఉన్నాయి. అమల దిగే మెట్ల దగ్గర నీలం పలకలు పచ్చగా మరకలు కట్టాయి. పొడి డబ్బా మూత తీసి చూసింది. తను ఎంత ఉంచి పోయిందో అంతా అలాగే ఉంది.

“అత్తా! ఈ పొడి ఏస్తా ఉండావా, లేదా?”

అలివేలమ్మ అమల చెవికి కాపడం పెడుతున్న గుడ్డ చేత్తోనే వచ్చింది. “అదెందుకేస్తా? నువ్వు పసుపు గదా ఎయ్యమంటివి.”

“నేనా?”

“ఏం, మర్సిపోయినావా? పోయిన మర్నాడే, గొట్టంలో పసుపు వచ్చిందా అని ఫోన్లో అడిగితివి. రొంత తక్కువుండాది అంటి. తక్కువుంటే ఎయ్యత్తా, పసుపు బాగా వచ్చేదాకా ఎయ్యి అంటివి. ఏసినా. అంగట్లో పొడి గాదు, నా చేత్తో దంచిన పసుపు. దినమూ మెట్ల కాడ పిడికెడు కలిపి, ఆ నీళ్ళే గొట్టంలో పట్టి సూసినా. పసుపు బాగా వస్తా ఉన్నింది గదా!”

కోమలి చేతిలో ఉన్న మూతను డబ్బా మీదకు విసిరింది. ఎందుకు రాదు పసుపు? పసుపు కలిపిన నీళ్ళు పసుపుగా కాక ఇంకెలా ఉంటాయి? ఇన్ని రోజులూ క్లోరిన్ చుక్క లేని నీళ్ళలో, ఈ ఎండల్లో, పిల్ల మెడదాకా మునిగి నడిచింది.

“పుండుకు అదే పెడతాం, బాలింతకూ అదే పెడతాం” అంటోంది అలివేలమ్మ. “నీళ్ళకు మంచిదేలే అనుకున్నా.”

“మంచిదా? పిల్ల చెవి కుళ్ళిపోతా ఉండాది, మంచిదంట! నీ పసుపు నువ్వే మొగానికి పూసుకో, పో!”

అరిచేసింది. మామ పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు నుంచి ఆ ముసలామె మొహాన పసుపు పడలేదు. ఆ సంగతి కోమలికి తెలియక కాదు, కోపంలో నోటికి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ కోపం తీసుకోనివ్వలేదు. అలివేలమ్మ చేతిలో గుడ్డను మడిచి, మనవరాలి దగ్గరికి వెళ్ళిపోయింది.

స్విమ్మింగ్ పూల్ కట్టిన మేస్త్రీకి ఫోను చేస్తే, ఆ నీళ్ళలో ఎంత పొడి పోసినా నిలవదు, మొత్తం వదిలేసి, పలకలు తోమి, కొత్త నీళ్ళు పట్టుకోవాల్సిందే అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర కోమలి ఆ మాటే మొగుడికి చెప్పింది.

“వదిలేసేదా?” మునిచంద్ర ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. “ఆదివారం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు భోజనానికి వస్తా ఉండారు. ఈ ఏడు కాయంతా నా మండీలోనే కొనేటట్టు మాట్లాడుకుంటా ఉండాము. వాళ్ళకు ఎండిపోయిన గుంత సూపించేదా? ఆ డబ్బా మొత్తం కుమ్మరించు. నీళ్ళు తెల్లగయిపోతాయి.”

“ఆ నీళ్ళలో పిల్ల యట్ట దిగుతాది?”

“ఒక్క పూట దిగితే ఏమయితాది? అమల నాలుగు అడుగులు నడిచి సూపిస్తే వాళ్ళూ సంతోషపడతారు. కూతురి కోసం కట్టించినాడని మనకూ మంచి పేరు.”

“చెవిలో చీము కారతా ఉండాది, తెలుసునా?”

“దూది పెట్టు” అన్నాడు మునిచంద్ర. తర్వాత తల్లి వైపు తిరిగి, “నీకు చేత గాని పని నెత్తికెత్తుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా ఇంతే” అని చెయ్యి కడుక్కున్నాడు.

అతను ఎన్నిసార్లు చెప్పాడు? ఒక్కసారీ చెప్పలేదు. ఆ గొట్టం ఏ అలమరలో ఉంటుందో కూడా అతనికి తెలియదు. దూది అంట! కూతురి కొలను చూడమని ఊరందరినీ పిలిచే మనిషి, కూతురి చెవి వైపు తల తిప్పి చూడలేదు. కోమలి ఆ మధ్యాహ్నం బస్సులో మోసుకొచ్చిన కోపానికి అసలు చిరునామా దొరికింది.

ఆదివారం పొద్దున్నే అతను చుట్టాలొచ్చిన ఇంట్లోలా హడావిడి చేసి, ఫ్యాక్టరీ వాళ్ళకు ఎదురు పోవడానికి కారులో పూతలపట్టుకు బయలుదేరాడు. కారు గేటు దాటగానే కోమలి పైట నడుముకు దోపుకుని, కొలను పక్క గుంటలోకి దిగి నీళ్ళు వదిలే వాల్వు పట్టుకుంది. అది కదల్లేదు. పళ్ళు బిగించి తిప్పింది. అయినా కదల్లేదు. కోపంతో కాలితో ఒక తన్ను తన్నింది.

“జరుగు.” అలివేలమ్మ గడ్డపారలాంటి ఇనప కమ్మీ ఒకటి పట్టుకుని గుంట అంచున నిలబడి ఉంది. “దీన్ని సందులో దూర్చి ఇద్దరం పడదాం.”

“నీ కొడుకు అరుస్తాడత్తా.”

“అరవనీ. నేను కన్నోడే గదా.”

ఇద్దరూ కలిసి బలంగా తోశారు. వాల్వు కిర్రుమని తిరిగింది. నీళ్ళు బుసబుసమంటూ మామిడి చెట్ల పాదుల్లోకి పారాయి. కోమలి ఊపిరి తీసుకుని, తల వంచుకునే అంది, “అత్తా, ఆ పొద్దు నేనన్న మాట...”

“అన్నావు. నాకు గుర్తుండాది. ముందు పొరక అందుకో.”

మధ్యాహ్నానికి అడుగు తేలింది. ఇద్దరూ లోపలికి దిగి పలకలు తోమడం మొదలుపెట్టారు. మాటలు లేవు, పొరకల చప్పుడే. గట్టు మీద కూర్చున్న అమల చూసి చూసి, ఊతకర్ర పక్కన పెట్టి, కూర్చునే ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. అడుగు ఆరిన చోట గోడ వెంబడే మెల్లగా నడవసాగింది. కోమలి వద్దనబోయి, ఆగిపోయింది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. మునిచంద్ర ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, చెయ్యి చాచి ఏదో చెబుతూ, నవ్వుతూ వచ్చాడు. గట్టు దగ్గరికి రాగానే ఆ నవ్వు అలాగే గడ్డకట్టింది.

“ఏందే ఇది? నీళ్ళు యాడ?”

“చెట్లకు పోయినాయి” అంది కోమలి, పొరక ఆపకుండానే.

అతని మొహం కందగడ్డ అయింది. వచ్చినవాళ్ళ ముందు అరవలేక గొంతు సవరించుకుని, “క్లీనింగు జరగతా ఉండాది సార్. లోపల కూర్చుందాం రండి” అన్నాడు. వాళ్ళను తోసుకుంటున్నట్టుగా ముందుకు నడిపించి, తనూ వెనుదిరిగాడు.

అతను తిరిగిన ఆ క్షణంలోనే అమల గోడ వదిలింది. చేతులు రెండూ గాల్లో ఉంచి, పెదవి కొరుక్కుని, ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. కాలు వణికింది గానీ మడత పడలేదు. అలివేలమ్మ చేతిలో పొరక జారి పడింది. నీళ్ళు లేవు, కర్ర లేదు, ఎవరి చెయ్యీ లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పిల్ల తనంతట తనే నడిచి, ఎదుటి గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆయాసపడుతూనే గట్టు వైపు తలెత్తి చూసింది.

“అమ్మా, నాయన సూసినాడా?”

గట్టు మీద ఎవరూ లేరు. హాల్లోంచి గాజు గ్లాసుల చప్పుడూ, మునిచంద్ర నవ్వూ వినిపిస్తున్నాయి.

చూశాడని చెప్పడం కోమలికి చేతకాలేదు. “లేదు” అంది. “ఆడే ఉండు. మళ్ళా నడుద్దువు గానీ.”

బురద కాళ్ళతోనే మెట్లెక్కింది. కడిగి ముగ్గేసిన వరండా మీదుగా, చలవరాతి నేల మీద పచ్చటి అడుగులు వేసుకుంటూ హాల్లోకి వెళ్ళి, సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మొగుడి ఎదుట నిలబడింది. ఆ ఇద్దరు పెద్దమనుషులూ గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తున్నారు.

“లెయ్” అంది. “లేసి బయటికి రా. నీ కూతురు నడస్తా ఉండాది.”