పచ్చికట్టె రంపం

ఊరి వడ్రంగి వడ్ల సుందరం చనిపోయిన కొన్ని నెలలకు, అతని రంపాలు చూడటానికి దావీదురాజు ఆ ఇంటికి వెళ్ళాడు.

దావీదురాజు తుమ్మలపల్లె యురేనియం మైనులో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. కాంట్రాక్టరు మారాడు, పాతవాళ్ళను తీసేశారు. మైనుకు పోకముందు ప్రొద్దుటూరులో ఒక ఫర్నిచర్ షాపులో చెక్కపని నేర్చుకున్నాడు. అక్కడ కోతంతా మిషను మీదే. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి తలుపులు, కిటికీలు చేయాలంటే మిషను మోసుకుపోయేది కాదు. చేతిరంపాలు ఉండాలి. సుందరం తర్వాత ఊళ్ళో ఆ పనికి మనిషి లేడు.

ఊళ్ళో రెండు పక్షాలు. ఒకటి వీరభద్రది, ఒకటి రాజశేఖర్‌ది. పోయిన ఎండాకాలం రాజశేఖర్ చీనీతోటలో సగం బత్తాయి చెట్లను ఎవరో కోసేశారు. గొడ్డలి పడలేదు. కాయ మీదున్న చెట్లను మొదలుకంటా రంపంతో కోశారు. తోటకు ఆనుకునే ఇళ్ళున్నాయి, ఒక్కరికీ చప్పుడు వినపడలేదు. పోలీసులు వచ్చి మొద్దులు చూసి వెళ్ళారు. అప్పటినుంచి ఒక పక్షం ఇంటికి పోయిన మనిషి రెండో పక్షం గడప తొక్కడం లేదు.

దావీదురాజు మాత్రం ఇద్దరి ఇళ్ళకూ పనికి వస్తానని చర్చి ముందర పదిమందిలో చెప్పాడు. రాజశేఖర్ తమ్ముడు నరసింహ ఆ మాట విని, తమ కొత్త ఇంటి ద్వారబంధం నువ్వే చేయమన్నాడు. అదే మొదటి పని. ఫలానావాళ్ళ మనిషి అని పేరు పడితే ఆ ద్వారబంధమొక్కటే కాదు, సగం ఊరు పోతుంది. సగం ఊరితో వడ్రంగి బతకలేడు.

కొత్త రంపాలే కొనమని అతని భార్య ప్రసన్నకుమారి చెప్పింది. అతను వినలేదు. కొత్తవి ప్లాస్టిక్ పిడితో వస్తాయి, పళ్ళు అరిగితే ఆకురాయికి లొంగవు, పారేయాల్సిందే. పాత రంపానికి ఎన్నేళ్ళైనా పదును పెట్టుకోవచ్చు.

సుందరం భార్య రామసుబ్బమ్మ గోనెసంచి తెచ్చి వరండాలో విప్పింది. మూడు రంపాలు. దావీదురాజు సన్నపళ్ళ రంపాన్ని తీసి, కంటికి ఎదురుగా పట్టి పళ్ళ వరస చూశాడు. వంకర లేదు. రెండోది చెక్కను నిలువునా చీల్చేది. రేకు వంచి వదిలాడు. మళ్ళీ తిన్నగా వచ్చింది. రెండింటి పిడుల మీదా పసుపు, కుంకుమ బొట్ల మరకలున్నాయి. దసరాకు పనిముట్లకు పూజ చేసినప్పుడు పెట్టినవి. అతను క్రైస్తవుడైనా, పూజలో వడ్లవాళ్ళు సుత్తిని, ఆకురాయిని కూడా వదలరని తెలుసు.

మూడోది పెద్దది. దాని పిడి మీద బొట్టు లేదు. గుడ్డతో తుడిచి చూశాడు. ఎప్పుడూ పెట్టినట్టు లేదు.

పళ్ళు చూశాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు బాగా వంచి ఉన్నాయి. ఎండిన చెక్కకు అంత వంపు అక్కర్లేదు. పచ్చికట్టెలో రంపం బిగుసుకుపోకుండా అలా వంచుతారు. పళ్ళ సందుల్లో బంక ఎండి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. చీనీ వాసన ఇంకా పోలేదు.

రామసుబ్బమ్మ అతని చేతినే చూస్తోంది.

"ఈ రెండూ తీసుకుంటా పెద్దమ్మా. పెద్దది నాకొద్దు."

"మూడూ తీసుకో, లేదంటే మూడూ పెట్టేసిపో," అంది. "విడిగా ఇయ్యొద్దన్నారు."

"ఎవురు?"

ఆమె వీధివైపు చూసింది. ఆ తర్వాత చెప్పింది తక్కువ. పెద్ద రంపం తమది కాదు. ఎవరో తెచ్చి ఆయన చేతికిచ్చారు. సుందరం దాన్ని ఒక రాత్రి తీసుకుపోయాడు, తెల్లారి తెచ్చి మూలన పెట్టాడు, మళ్ళీ ముట్టలేదు. దసరాకు దీన్ని పూజలో పెట్టలేదు. రెండోసారి రమ్మంటే రానన్నాడు. తర్వాత వీరభద్ర వాళ్ళ పాత మిద్దె మీద దూలం మారుస్తూ జారి పడ్డాడని సుందరం శవాన్ని ఇంటికి తెచ్చారు.

"ఆ పొద్దు పనికి పోతాండానని నాకు చెప్పలేదు నాయనా. పనిముట్లు ఇంట్లోనే ఉన్యాయి."

బయట బండి ఆగింది. ఓబుళేశు దిగాడు. వీరభద్ర పొలాలు, పంచాయితీలు చూసేది అతనే. చెప్పులు విడిచి వరండా అంచున కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. రామసుబ్బమ్మ లోపలికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

"ఏమప్పా వడ్రంగీ, కుదిరినాయా?"

పెద్దది తుప్పు పట్టిందని, రేకు వంకర పోయిందని, మొత్తంగా మూడూ పనికి రావని దావీదురాజు చెప్పాడు. ఓబుళేశు పెద్ద రంపాన్ని తీసి, కొస పట్టి వంచి వదిలాడు. అది ఝుమ్మని మోగి తిన్నగా నిలిచింది.

"వంకర యాడుండాదప్పా దీంట్లో? పొయినేడు వెన్నలో దిగినట్ల దిగింది." నవ్వాడు. "సరేలే. చచ్చిపోయినోని సామాన్లు నీకు పట్టవేమో. మీది వేరే మతం గదా. రేపు కడపకు పోతాండా. వెనక కూర్చో, కొత్తవి తెచ్చుకుందాం."

ఇంటికొచ్చి చెప్పగానే ప్రసన్నకుమారి జ్వరమని చెప్పి పడుకోమంది. జ్వరమంటే చూడటానికి ఇంటికే వస్తాడని దావీదురాజు అన్నాడు. ఆమెకు ఇంకో ఉపాయం తోచలేదు. పొద్దున్నే బండి వచ్చింది.

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరి సందులో ఉన్న షాపు ముందు ఓబుళేశు బండి ఆపాడు. షాపతను పెట్రోలుతో నడిచే కోతమిషను చూపించి, ఎంత లావు చెట్టైనా నిమిషాల్లో పడిపోతుందన్నాడు.

"పడుతుంది. ఊరంతా లేస్తుంది," అన్నాడు ఓబుళేశు. "చేత్తో కోసేవి చూపించు సామీ."

షాపతను అరడజను రంపాలు గాజుబల్ల మీద వరసగా పెట్టి, గల్లా దగ్గరికి వెళ్ళాడు.

"ఏరప్పా. పచ్చికట్టెకు ఏది బాగుంటాదో నీకే తెలుసు."

దావీదురాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. దారి పొడుగునా మనసులో కూర్చుకున్న మాట చెప్పాడు. "నాకు రంపాలొద్దు ఓబుళేశన్నా. ఈ పని పెట్టుకోను. మళ్ళా మైనుకే పోతా."

ఓబుళేశుకు కోపం రాలేదు. తల ఊపాడు. "పో. ఎవురొద్దన్నారు? ఊర్లో ఒకటి ఉండాల గదా, నేను తీసుకుంటాలే."

మొదటి రంపం మీద చెయ్యి పెట్టాడు. రంపాన్ని చూడలేదు, దావీదురాజు మొహం చూశాడు. రెండోదాని మీద పెట్టాడు. అది సన్నపళ్ళది, పచ్చికట్టెలో జానెడు దిగకముందే బిగుసుకుంటుంది. దావీదురాజు చూపు గోడమీది క్యాలెండరు మీద నిలపాలనుకున్నాడు, నిలిపాడు. మూడోది. నాలుగోది. నాలుగోదాని పళ్ళు పొడుగు, సందులు వెడల్పు, రేకు మందం. పని నేర్చిన కన్ను. క్యాలెండరు వదిలి ఒక్కసారి దాని మీద వాలింది.

ఓబుళేశు చెయ్యి అక్కడే ఆగింది.

"ఇదా," అన్నాడు ఓబుళేశు మెల్లగా. రంపం తీసి, బల్ల కింద పడున్న చెక్కముక్క మీద లాగి, చెవి పెట్టి విన్నాడు. "సప్పుడు కూడా తక్కువే. మంచిది ఏరినావప్పా."

తిరుగు ప్రయాణంలో కాగితం చుట్టిన రంపాన్ని ఓబుళేశు వెనక కూర్చున్న దావీదురాజు ఒళ్ళో పెట్టాడు. ఊరి బయట దారి రెండుగా చీలుతుంది. వీరభద్ర వీధికి ఎడమ దారి. ఓబుళేశు కుడివైపు తిప్పి, రాజశేఖర్ వీధిలో నుంచి బండిని మెల్లగా పోనిచ్చాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. కడుతున్న కొత్త ఇంటి దగ్గర నరసింహ ఇసుక దింపించుకుంటున్నాడు. బండిని చూశాడు, వెనక కూర్చున్న మనిషిని చూశాడు, ఒళ్ళో ఉన్నదాన్ని చూశాడు. దావీదురాజు చెయ్యి ఎత్తి పలకరించాడు. నరసింహ ఇసుకవైపు తిరిగాడు.

ఇంటి ముందు దిగి దావీదురాజు రంపం ఇవ్వబోతే ఓబుళేశు తీసుకోలేదు. "నీ కాడే ఉండనీ. కావల్సినప్పుడు నేనే వస్తా," అని బండి తిప్పుకుపోయాడు.

దాన్ని ఎవరి ఇంటికి తీసుకుపోయి ఇవ్వగలమని ప్రసన్నకుమారి అడిగింది. దావీదురాజు పొట్లాన్ని వాకిట్లో గోడకు ఆనించాడు.

పొద్దు వాలాక నరసింహ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ప్రసన్నకుమారి తెచ్చిన నీళ్ళచెంబు అందుకోలేదు. గోడకు ఆనించిన పొట్లాన్ని కాసేపు చూశాడు.

జరిగింది జరిగినట్టు చెప్పడానికి దావీదురాజు నోరు తెరిచాడు. చెబితే సుందరం సంగతి చెప్పాలి, అప్పుడు రామసుబ్బమ్మ పేరు వస్తుంది. ఆగిపోయాడు.

"ద్వారబంధం ఎర్రగుంట్లలో చేయిస్తాండాం," అన్నాడు నరసింహ. "ఇంగో మాట. మిగిలిన తోటకు రేత్రి కావలికి మనుషుల్ని పెట్టినాం. నీతో చెప్పి రమ్మన్నాడు మా అన్న."