ప్రార్థించిన బొండాం

శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మే నెల. సముద్రపు గాలి ఉదయమే ఆగిపోయింది. మందిరం రేకుల కింద పంకాలు వేడిని ఒక మూల నుంచి మరో మూలకు తోస్తున్నాయి. ఉపవాస ప్రార్థన అప్పుడే ముగిసింది. వజ్రపుకొత్తూరు దగ్గర ఉన్న మా ఊరి సంఘంలో ఉపవాసం విడిచేది బొండాం నీళ్లతోనే. పాస్టరు ఢిల్లీరావుగారు మొదటి బొండాన్ని రెండు చేతులా పైకెత్తి ప్రార్థించి, సంఘపెద్ద అయిన నా భర్త బంగారయ్యగారి చేతిలో పెట్టారు.

నా భర్త మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. డయాలసిస్‌కు పలాస తీసుకువెళ్లవలసింది మరునాడు. అంటే రక్తంలో చేరకూడనిది అప్పటికే అంచుదాకా చేరి ఉంది.

మా ఉద్దానం ప్రాంతంలో జబ్బు మనిషిని చూడటానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. తోటలోంచి బొండాలు దింపించి తెస్తారు. ఇక్కడ ప్రేమకు ఉన్న రూపం అది. కానీ ఆ నీళ్లలో పొటాషియం ఉప్పు ఎక్కువ. మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతాయి, చెడినవి పంపలేవు, అది రక్తంలో నిలుస్తుంది, నిలిచి గుండెను ఆపుతుంది. టెక్కలి కాలేజీలో జీవితమంతా రసాయనశాస్త్రం బోధించిన నేను ఈ నాలుగు మాటలు ఇంట్లోవాళ్లకు బోధించలేకపోయాను. అందుచేత వాకిట్లోనే నిలబడి, వచ్చిన బొండాలను తిప్పి పంపే మనిషినయ్యాను. కూర తరిగి, ఉడికించి, అందులోని ఆ ఉప్పు పోయేలా నీళ్లు వార్చి, మళ్లీ ఉడికించేదాన్ని. డాక్టరు చెప్పిన మేరకే ఆయనకు మంచినీళ్లు గుక్కల్లో కొలిచి ఇచ్చేదాన్ని. భోజనానికి ముందు ఆయన కళ్లు మూసుకొని దేవునికి కృతజ్ఞతలు చెప్పేవారు. వర్షం, పంట, పలాసలో డాక్టరు, అందరూ ఉండేవారు ఆ ప్రార్థనలో. వంటగది మాత్రం ఉండేది కాదు. ఆయన అక్క దమయంతి వదిన కంచిలి నుంచి వచ్చినప్పుడల్లా వీధికి వినబడేలా అనేది: "సదువుకున్న మరదల్ని తెచ్చుకున్నాం కదా! ఇంటిసుట్టూ కొబ్బరిసెట్లు, మా తమ్ముడి నోరు సూత్తే ఎండిపోయిన పీసు."

ఆ మాట కన్నా నన్ను బాధించినది వేరొకటి. మిగతావాళ్లంతా అడుగుతూ, నమ్ముతూ ఉంటే, పొద్దస్తమానం వద్దు వద్దంటూ బతికే నాలో విశ్వాసం ఎక్కడ ఉన్నట్టు?

పాస్టరుగారిచ్చిన బొండాం ఆయన పెదవుల దాకా వెళ్లింది. నా వైపు చూడలేదు. నేను ఆడవాళ్ల చాప మీంచి లేచి, మగవాళ్ల మధ్య నుంచి నడిచి, ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఓలమ్మో! మందిరంలో మొగుడి నోటికాడది లాగేత్తాదేటి!" అంది, ప్రార్థనకు వచ్చిన వదిన.

పాస్టరుగారు చెడ్డవారు కారు. చిన్నగా నవ్వి, "ప్రార్థన సేసిన బొండాం ఏటీ సెయ్యదు, అమ్మగారూ. ఇశ్వాసం ఉంచండి" అన్నారు.

"అయ్యగారూ, ఈ నీళ్లలో ఆ ఉప్పు పెట్టినవాడూ ఆ దేవుడే. దాని గుణం ఈ ఒక్క పూటకి మార్చమని నేనడగను. రోజూ పొద్దున్న నేను కూర వారుస్తున్నప్పుడు ఆయన నా పక్కనే నిలబడుతున్నాడు. నా విశ్వాసం అక్కడుంది. దీన్ని తాగనివ్వను."

ఆ మాటలు నేను ఆలోచించి కూర్చినవి కావు. పలికిన తరువాతనే అవి నిజమని నాకు తెలిసింది. ఆవిరి కమ్మిన నా వంటగది, నేను చేతులు కాల్చుకుంటూ కూర వార్చే సిబ్బిరేకు, వార్చిన నీళ్లు తూములోకి జారే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు వెలిగాయి. ఇన్నేళ్లూ నేను ప్రార్థన బయట నిలబడ్డాననుకున్నాను. దాని నడిమధ్యనే ఉన్నాను.

ఆయన బొండాం కిందికి దించారు. తరువాత దాన్ని నాకు అందించారు.

"నువ్వు తాగు."

"ఇందరి ముందా?"

"నాను సూడకూడదని పెరటిగోడ ఎనక్కెల్లి నీళ్లు తాగొత్తన్నావు కదా. గుటక సప్పుడు నాకు ఇనబడతాది. ఇంక దాక్కోకు. నా ముందే తాగు."

ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. సంఘంలో పెద్దలెవరూ ఇంకా ఉపవాసం విడవలేదు. జీవితమంతా అందరి తరువాత తిన్న నేను, నిలబడి, మొట్టమొదట తాగాను. తాగుతున్నంతసేపూ ఆయన నన్నే చూశారు. ఆ చూపులో దాహం ఉంది, కానీ ఫిర్యాదు లేదు. వెనక నుంచి వదిన, "దేవుడా, ఏటి సూడాలో ఇంకా!" అంటూనే ఉంది. పాస్టరుగారు తల వంచుకున్నారు. నా జన్మలో అంతటి తియ్యటి నీళ్లు తాగలేదు.

బంగారయ్యగారు ఆ తరువాత ఐదేళ్లు జీవించారు. ఆయన పోయిన మరుసటి ఏడు దమయంతి వదినకు అదే జబ్బు బయటపడింది. కంచిలిలో ముగ్గురు కోడళ్లున్న ఇల్లు విడిచి, ఆమె వచ్చి నా దగ్గర ఉంది.